తూకం వెయ్యకూడని బండి

మే 14, 2023. ఒషావా.

వచ్చేశాను. ఈ డైరీ మా ఆవిడ సూర్యకుమారి నా బట్టల మధ్య పెట్టింది. "అక్కడ పగలంతా ఎవరితో మాట్లాడతారు, ఇందులో రాసుకోండి" అంది. ఏడో తరగతి చదువుతో ఎంత రాయగలనో అంత రాస్తాను.

నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తణుకులో పెళ్ళిళ్ళకి అంబాసిడర్ కారు తిప్పుకుని బతికిన శ్రీరాములు కూతురు ధాత్రి, మా అమ్మలు, వచ్చే నెల కెనడాలో పట్టా పుచ్చుకుంటోంది. ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను. పెన్ను పెట్టేసి ఇంకోసారి చదువుకున్నాను.

ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా సూట్‌కేసు తెరిపించాడు. ఆవకాయ జాడీ చుట్టూ పాత తువ్వాళ్ళు, తువ్వాళ్ళలో కారు తలుపు హ్యాండిళ్ళు, అద్దాలు దింపే హ్యాండిళ్ళు, తలుపు అంచుకి వేసే రబ్బరు బీడింగు చుట్ట. ఇదేమిటన్నాడు. "కార్, సార్. ఓల్డ్ కార్. ఫ్యామిలీ" అన్నాను. నవ్వి మూసేశాడు. మంచివాడు. ఈ దేశంలో అందరూ మంచివాళ్ళే.

మే 15

చూశాను. అమ్మలు వీడియోలో చూపించిన దానికన్నా ఈ బండి వెయ్యి రెట్లు బాగుంది. విరిగిన హ్యాండిళ్ళు అందులో చూసే ఆ సామాను తెచ్చాను.

ఇంటావిడ పేరు ఎడ్నా గారు. ఎనభై అయిదేళ్ళు. పైన ఆవిడ, కింద బేస్‌మెంట్‌లో మా అమ్మలు, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు, ముందు గదిలో వంశీధర్ అని కరీంనగర్ కుర్రాడు. ఇంటి పక్కన గ్యారేజ్. అందులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పెళ్ళయిన కొత్తలో ఎడ్నా గారూ వాల్టర్ గారూ ఇంగ్లండ్ నుంచి ఓడలో తమతోపాటు తెచ్చుకున్నారట. వాల్టర్ గారు పోయారు. బండి ఉంది.

మన అంబాసిడర్‌కి సొంత అక్క. అదే నుదురు, అదే బొజ్జ, అవే గుండ్రటి కళ్ళు. స్టీరింగ్ కుడివైపు. విమానం దిగినప్పటి నుంచి ఈ దేశంలో అన్నీ తిరగేసి ఉన్నాయి. ఆ సీట్లో కూర్చున్నాక గానీ సరైన వైపుకి వచ్చినట్టు అనిపించలేదు. కళ్ళు తుడుచుకున్నాను. వంశీధర్ చూడనట్టు నటించాడు.

నా బండి అమ్మలు విమానం ఎక్కిన ఏడాదే పోయింది. పాత ఇనుము వాడు లారీతో వచ్చి కాటా మీదకి ఎక్కించి తూకం వేశాడు. తాలూకా మొత్తం మీద ఎన్ని జంటల్ని మోసిన బండి. ఇన్ని కిలోలు అని చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను.

"అంకుల్, క్లాసిక్ అని పేరుబడ్డదనుకో, ఇగ దాన్నెవరూ తుక్కుల వెయ్యరు" అన్నాడు వంశీధర్.

క్లాసిక్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తూకం వెయ్యకూడనిది.

జూన్ 9

అయ్యింది. నల్ల గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, వేదిక మీద అటునుంచి ఇటు నడిచింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాను. వెనకాయన కూర్చోమన్నాడు. కూర్చుని కొట్టాను.

ఇంటికొచ్చాక మోరిస్‌ని డ్రైవ్‌వేలోకి తీయించాను. మల్లెలు లేకపోతేనేం, ఎడ్నా గారి పెరట్లో ఊదారంగు పూలున్నాయి. బానెట్ మీద దండ, సీట్ల మీద తెల్ల తువ్వాళ్ళు, కలెక్టరు బండిలాగ. అమ్మలు గౌనుతో వెనకసీట్లో కూర్చుంది. తణుకులో అందరికీ ఫోటో పంపాను. ఇద్దరు చుట్టాలు పెళ్ళికొడుకు ఎవరని అడిగారు.

ఎడ్నా గారు నవ్వి నవ్వి వాల్టర్ గారి సంగతి చెప్పారు. ఆయన ఈ ఊళ్ళోనే కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. తయారుచేసేది ఒక బండి, ఎక్కేది ఇంకో బండి. తోటివాళ్ళు ఏడిపిస్తారని రెండు వీధుల అవతల ఆపి నడిచి వెళ్ళేవారట.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నారు. ఆకులు రాలే ముందు గ్యారేజ్ ఖాళీ చేయించి గది కట్టిద్దామనుకుంటున్నారట. రోజూ ఎవరో ఒక స్టూడెంట్ బెల్లు కొట్టి రూమ్ ఉందా అని అడుగుతున్నాడు. అది నిజమే, నేనూ ఇద్దరు ముగ్గురికి తలుపు తీశాను. బండిని మాత్రం పీటర్‌బరోలో ఎవరో విడిభాగాలకి అడుగుతున్నారట.

"క్లాసిక్ అండి ఇది" అన్నాను.

ఆవిడ ఆలోచించి అన్నారు, "పాత కార్ల క్లబ్‌లో బ్రూస్ అని ఉన్నాడు. సెప్టెంబర్ షోలో దీన్ని పెట్టనిస్తే నేను పోయేదాకా ఈ గ్యారేజ్ దీనిదే. కాదంటే ఇచ్చేస్తాను."

అమ్మలు ఆ మాట నాకు తెలుగులో చెప్పబోతూ ఒకసారి ఆగింది. ఎండ కళ్ళలో పడి ఉంటుంది.

జూన్ 10

అమ్మలుకి కూడా ఈ బండంటే ప్రాణం. పైకి చెప్పదు.

జూలై 2

బ్రూస్ గారు వచ్చారు. పొడుగాటి మనిషి, మెడలో కళ్ళజోడు, చేతిలో అట్ట. బండి చుట్టూ సంబంధం చూడడానికి వచ్చిన మేనత్తలా తిరిగారు.

"మంచి బండే. కానీ క్లాసిక్ కాదు" అన్నారు. "ఇలాంటివి ఇంగ్లండులో వీధికి నాలుగుండేవి. పిల్లల్ని బడిలో దింపడానికి, సరుకులు తేవడానికి కొన్నవి. వీటి కోసం ఎవరూ కలలు కనలేదు."

నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో పురుడొచ్చినా ఈ బండే, పరీక్ష పేపర్లొచ్చినా ఈ బండే, మంత్రి వచ్చినా ఈ బండే, గోదారి గట్టుమీద వరదనీళ్ళు చక్రాలు ముంచినా ఆగని బండి ఇదొక్కటేనని, వరుడు గుర్రం ఎక్కితే కిందపడతాడుగానీ ఇందులోంచి పడ్డవాడు లేడని, ఇంకా చాలా చెప్పాను. అమ్మలు బ్రూస్ గారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఒక్క ముక్క అంది.

"ఏమని చెప్పావే?"

"మీకు ఇష్టమని."

"ఇంత చెప్తే అంతేనా?"

"ఆయన ఇంకో ఇంటికి వెళ్ళాలిట నాన్నా."

బ్రూస్ గారు నన్ను చూసి మెత్తబడినట్టున్నారు. "అన్నిటినీ క్లాసిక్ అంటే ఆ మాటకి విలువేముంటుంది చెప్పండి. అయినా ఈ ఏడు ఇంటి బళ్ళకి కూడా ఒక వరస పెడదామంటున్నారు మా వాళ్ళు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. తలుపు హ్యాండిల్ విరిగింది, అద్దం ఎక్కదు. ఆగస్టులో మళ్ళీ చూస్తాను" అన్నారు.

జూలై 3

ఆయన అన్నదానికి జవాబు ఇవాళ తట్టింది, పళ్ళు తోముకుంటుంటే.

కలలు కనలేదట. మా పేటలో భ్రమరాంబ గారని ఉండేవారు. కూతురి పెళ్ళికి కారు మాట్లాడడానికి రెండు నెలల ముందు వచ్చారు. పెళ్ళికొడుకు ఇంకా కుదరలేదు. "కారు కుదిరితే అల్లుడూ కుదురుతాడు నాయనా" అన్నారు. అది కల కాదా. ఎర్రటి స్పోర్ట్స్ కారు కోసం ఒక్కడు కనేదే కలా?

ఇది ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు లేరు. అమ్మలు డ్యూటీకి వెళ్ళింది.

జూలై 4

ఇద్దరు పట్టే కారుకి గౌరవం. ఇంటిల్లిపాదీ పట్టే కారుకి లేదు. ఎక్కడి న్యాయం ఇది.

జూలై 19

నేనూ వంశీధర్ కలిసి నా సూట్‌కేసు సామాను బిగించాం. రెండు సరిపోలేదు, పక్కన పడేశాం. తక్కినవి అత్తారింట్లో అడుగుపెట్టిన బంగారు తల్లిలా కుదురుకున్నాయి. ఎందుకు కుదరవు. ఇంగ్లండు వాడు ఈ బండి అచ్చులే మనకి అమ్మేశాడు. అక్కడ మానేశాక మనం అంబాసిడర్ అని ఎన్నేళ్ళు పోతపోశాం. బెజవాడ ఆటోనగర్‌లో దొరికింది వాళ్ళ అచ్చుదే కదా. మరి నకలు ఎలా అవుతుంది.

ఎడ్నా గారు అద్దం దింపి ఎత్తి, దింపి ఎత్తి చిన్నపిల్లలా ఆడుకున్నారు. చాలా ఏళ్ళుగా ఆ అద్దం సగంలోనే ఆగిపోయి ఉందట. వాల్టర్ గారి విరిగిన హ్యాండిళ్ళు బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టారు. నా వైపు వేలు చూపించి, "బ్రూస్‌కి సూట్‌కేసు సంగతి చెప్పొద్దు. చూసి కనిపెట్టలేడు" అన్నారు. ఈ ఇంగ్లీషు నాకు ఎవరూ విడమరచనక్కర్లేకపోయింది.

అమ్మలు వచ్చి చూసి, "బాగుంది నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. అలిసిపోయింది పాపం. కాఫీ షాపులో నిలబడే పని.

ఆగస్టు 6

వంశీధర్ అన్నం తింటూ అడిగాడు, "అంకుల్, గ్యారేజ్ రూమ్ సంగతి ఏమైంది? ఆ నల్లగొండ పిల్లలు టికెట్లు బుక్ చేసుకున్నరంట."

ఏ పిల్లలు అన్నాను.

ముద్ద నోట్లోనే ఆగింది వాడికి. "ధాత్రి చెప్పలేదా?"

చెప్పలేదు. నేను రాకముందే ఎడ్నా గారు గది సంగతి ధాత్రికి చెప్పారట. ధాత్రి ఆ గదిని అనన్య, ఇషిత అని సెప్టెంబర్‌లో కాలేజీలో చేరే ఇద్దరు పిల్లలకి మాటిచ్చిందట. వాళ్ళ అమ్మానాన్నలతో కూడా ఫోన్‌లో మాట్లాడిందట. "నేనున్నాను కదా ఆంటీ" అందట.

నాకు బాధేమీ లేదు. చెప్పి ఉంటే బాగుండేది, అంతే. బాధేమీ లేదు.

ఆగస్టు 7

అడిగాను. ఉదయం టీ తాగుతుంటే అడిగాను.

"మీరు అంత సంతోషంగా ఉన్నారు నాన్నా. ఎలా చెప్పను?"

"వాళ్ళకి ఇంకెక్కడా దొరకవా గదులు? ఇంత పెద్ద ఊళ్ళో."

అమ్మలు లేచింది. రమ్మంది. బేస్‌మెంట్ చివర ఒక తలుపు తీసింది. లోపల బట్టలు ఉతికే మిషను, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి లాంటి మిషను, ఆ రెంటికీ మధ్య మనిషి పడుకునేంత నేల. ఎదురుగా తెల్లగోడ. గోడకి మేకు.

ఆ మేకు నాకు తెలుసు. ఆ మేకుకి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ వేలాడేది. అమ్మలు ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ గోడే కనిపించేది. "గది బాగుందమ్మా, ఎంత తెల్లగా ఉందో" అనేది సూర్యకుమారి. "ఆ చప్పుడేంటే" అంటే "ఏసీ అమ్మా" అనేది.

"వచ్చిన మొదటి చలికాలమంతా ఇక్కడే నాన్నా. గది దొరకలేదు. ఎడ్నా గారు పాపం ఇదే ఇవ్వగలిగారు. రాత్రి ఎవరైనా మిషన్లో బట్టలేస్తే లేచి బయట కూర్చునేదాన్ని. ఫోన్ కొంచెం కూడా పక్కకి తిప్పేదాన్ని కాదు, మీకు మిషను కనిపిస్తుందని."

ఆ గోడ చూపించి నేను తణుకులో ఎంతమందికి చెప్పాను. మా అమ్మాయికి కెనడాలో సొంత గది అని. సెలూన్‌లో చెప్పాను. బండి పోయేదాకా పెళ్ళివారికి బండిలోనే చెప్పాను.

"ఆ పిల్లలు ఇలా ఉండకూడదని నాన్నా. అంతే" అంది.

ఆగస్టు 8

ఏమీ రాయాలని లేదు.

ఆగస్టు 10

ఎల్లుండి బ్రూస్ గారు వస్తారు. బండి తళతళలాడుతోంది. రెండోసారి కూడా తుడిచాను. ఎడ్నా గారు వాల్టర్ గారి టై తీసి అద్దానికి వేలాడదీశారు.

నా పని నేను చేశాను. తక్కింది దేవుడిది.

ఆగస్టు 12

నోరు జారింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అమ్మలు డ్యూటీలో ఉంది, మాటలు తెలుగులో చెప్పడానికి వంశీధర్ ఉన్నాడు. బ్రూస్ గారు టార్చి వేసి కిందా మీదా చూశారు. లోపల కూర్చున్నారు. అద్దం దింపారు, ఎత్తారు. తలుపు వేశారు, తీశారు. ఆ చప్పుడు విని తలూపారు. మంచి తలుపు చప్పుడు విన్నవాడెవడైనా తలూపుతాడు. "వాల్టర్ బాగా చూసుకున్నాడు" అని అట్ట మీద ఏదో రాసి, ఎడ్నా గారికి చెయ్యి అందించబోయారు. ఆవిడ చెయ్యి చాపారు.

ఆ మధ్యలో నేను వెళ్ళాను.

"సార్. హ్యాండిల్ ఇండియా. విజయవాడ. గ్లాస్ హ్యాండిల్ విజయవాడ. రబ్బర్ విజయవాడ. మై సూట్‌కేస్."

ఆయన వేళాకోళం అనుకుని నవ్వారు. నేను లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చాను. మూత తీసి వాల్టర్ గారి విరిగిన హ్యాండిల్ ఆయన చేతిలో పెట్టాను.

బ్రూస్ గారు దాన్ని చూశారు, తలుపుకున్నది చూశారు. అట్ట మీద రాసింది కొట్టేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు లేదు కాబట్టి కుదరదని మర్యాదగానే చెప్పారు. ఆ తర్వాత నా భుజం తట్టారు. ఎందుకు తట్టాలి?

ఎడ్నా గారు నా వైపు చూశారు. అద్దానికున్న టై విప్పుకుని పైకి వెళ్ళిపోయారు.

నోరు జారింది. గర్వం కొద్దీ అనేశాను. బెజవాడ సరుకు అంత బాగా కుదిరితే చెప్పుకోవద్దూ.

ఆగస్టు 13

బ్రూస్ గారికి బుద్ధి లేదు. అచ్చు వాళ్ళదే, ఇనుము వాళ్ళు నేర్పినట్టు పోసిందే. హ్యాండిల్ ఓడలో వస్తే అసలుది, ఆవకాయతో వస్తే నకలా? ఇంట్లో ఎవరికైనా పన్ను ఊడితే పెట్టుడుపన్ను కట్టించుకుంటారు. ఆ మనిషి మనిషి కాకుండా పోతాడా? ఇంటి బండి అంటే బాగుచేసుకుంటూ వాడుకునేది. బాగుచేయని ఇంటి బండి ఉందంటే అది ఇంట్లో లేనట్టే. ఇది చెబితే ఎవరికి ఎక్కుతుంది ఇక్కడ.

అమ్మలు సాయంత్రం వచ్చింది. వంశీధర్ అంతా చెప్పినట్టున్నాడు. నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, కావాలనే చెప్పావు కదూ."

పుట్టిన దగ్గర్నుంచి నన్ను మీరు అన్న పిల్ల. నువ్వు అంది.

"నోరు జారిందే."

"నోరు జారింది, సరే. డబ్బా కూడా జారుకుంటూ వచ్చిందా?"

టీ చల్లారిపోయిందని తిట్టాను.

ఆగస్టు 14

నోరే జారింది.

ఆగస్టు 20

ఎడ్నా గారు పలకరించడం లేదు. ఆవిడ తప్పేం లేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుంటున్నాను. ఆవిడ నమ్మి వేలు చూపించి చెప్పిన మాట అది. ఆవిడ ముఖం చూసినప్పుడల్లా ఆ టై కనిపిస్తోంది.

ఎవరి మీద కోపమో తెలియని కోపం. పొద్దున్నే వంశీధర్‌ని చెప్పులు అడ్డంగా విడిచాడని కసిరాను. "సారీ అంకుల్" అన్నాడు. వాడు విడిచిన చోట విడిచాడు, నేనే అడ్డంగా నడిచాను.

ఆగస్టు 27

నల్లగొండ పిల్లలు వచ్చారు.

పొద్దున్న ఎడ్నా గారు కిందకి దిగి వచ్చారు. చేతిలో మోరిస్ తాళం. "రైలు ఎన్నింటికి?" అన్నారు ధాత్రితో. ఈ వయసులో ఆవిడ స్టీరింగ్ దగ్గర, పక్కన నేను, వెనక అమ్మలు. స్టేషన్ దగ్గరే. ఎదురొచ్చిన వాళ్ళందరూ చేతులూపారు. ఎడ్నా గారు రాణిలా తలూపారు. నేనూ ఊపాను.

పిల్లలిద్దరూ ప్లాట్‌ఫారం చివర, నాలుగు సూట్‌కేసులు, రెండు తలగడలు. ఊరు కాని ఊళ్ళో మొదటి రోజు ముఖాలు. బండిని చూసి అనన్య అనే పిల్ల ఆగిపోయింది. "అంబాసిడరా అంకుల్?"

"దాని అక్క. ఎక్కండమ్మా."

"ఇన్ని పట్టవు అంకుల్, క్యాబ్ చూస్తం."

పట్టవట. నా ముందు. డిక్కీలో రెండు, వెనక కాళ్ళ దగ్గర ఒకటి, నా ఒళ్ళో ఒకటి. పిల్లలు తలగడలు పట్టుకుని అమ్మలు పక్కన. తలుపు వేశాను. ఆ చప్పుడు. బ్రూస్ గారు తలూపిన చప్పుడే.

దారిలో పిల్లలు వాళ్ళ అమ్మావాళ్ళకి ఫోన్ చేసి కారు చూపించారు. అవతల ఒకావిడ గొంతు, "పెళ్ళి కారు లెక్కుందే." ఒళ్ళో సూట్‌కేసు సర్ది పట్టుకున్నాను.

సిగ్నల్ దగ్గర ఎడ్నా గారు నా వైపు తిరక్కుండా ఏదో అన్నారు. ఇంటికొచ్చాక అమ్మలు చెప్పింది. "వాల్టర్ కూడా చెప్పేసేవాడు" అన్నారట.

గది పూర్తయ్యేదాకా పిల్లలిద్దరూ అమ్మలు గదిలో. నేను వంశీధర్ గదిలో. వాడు గురక పెడతాడు. వాడూ నా గురించి అదే అన్నాడట.

సెప్టెంబర్ 9

ఇవాళ సరస్సు ఒడ్డున క్లబ్ వాళ్ళ షో. మేము వెళ్ళలేదు.

ఇవాళే పీటర్‌బరో ఆయన ట్రైలర్ తెచ్చాడు. ఆయన దగ్గర ఇలాంటిదే ఇంకోటి ఉందట, దానికి ఇందులోవి వేసుకుంటాడు. చుట్టూ తిరిగి, తలుపు హ్యాండిల్ పట్టుకుని చూసి, "ఇవి ఎక్కడివి? ఇంత మంచివి దొరకడం లేదు" అన్నాడు. నేను ఎడ్నా గారి వైపు చూశాను. ఆవిడ ఈసారి తానే చెప్పారు, "విజయవాడ" అని. చక్కగా పలికారు.

తూకం వెయ్యలేదు. అది చూశాను. నా కళ్ళతో చూశాను. తాళ్ళు కట్టి, మెత్తలు పెట్టి తీసుకెళ్ళాడు. అయినా గ్యారేజ్ తలుపు దించేటప్పుడు నా చెయ్యి రాలేదు. వంశీధర్ దించాడు.

నేలమీద ఆయిల్ మరక మిగిలింది.

ఎడ్నా గారు బిస్కెట్ల డబ్బాలోంచి ఒక హ్యాండిల్ తీసి నాకిచ్చారు. విరిగింది. వాల్టర్ గారు రోజూ పట్టుకున్నచోట అరిగి నునుపుగా ఉంది.

అక్టోబర్ 3

రేపు ప్రయాణం. అమ్మలుకి వర్క్ పర్మిట్ వచ్చింది. రావాలి కదా. నా కూతురికి కాక ఎవరికొస్తుంది. సూట్‌కేసులో ఆవకాయ జాడీ ఖాళీ, అందులోనే హ్యాండిల్. కిటికీలోంచి చూస్తే పనివాళ్ళు గ్యారేజ్‌కి గోడ కడుతున్నారు. గది కట్టడానికి సిటీ ఇచ్చిన పర్మిట్ కాగితం తలుపుకి అంటించి ఉంది.

షోలో ఇంటి బళ్ళ వరసలో ఈసారి మూడే వచ్చాయట. నాలుగోదానికి చోటుంది. చూశారా మరి.

నవంబర్ 18. తణుకు.

పొద్దున్న అమ్మలు ఫోన్ చేసింది. గది అయిపోయింది, పిల్లలు నిన్న అందులోకి మారారు. ఫోన్ అనన్య చేతికిచ్చింది. సూర్యకుమారి పక్కనే కూర్చుని, "గది బాగుందమ్మా" అంది.

"ఒక గోడ చూసి చెప్పకు" అన్నాను. "అమ్మా అనన్యా, ఫోను తిప్పు తల్లీ. మెల్లిగా. నాలుగు గోడలూ చూపించు."

తిప్పింది. ఒకవైపు రెండు మంచాలు. ఒకవైపు కిటికీ, కిటికీ అవతల మంచు. ఒకవైపు అల్మారా. ఒకవైపు తలుపు, లోపల గడియ. మిషను లేదు. చప్పుడు లేదు.

"నేల కూడా చూపించు."

"నేల ఎందుకంకుల్? అక్కడొక మరకుంది, ఎంత రుద్దినా పోతలేదు. చాప వేసినం."

"చాప తియ్యి."

తీసింది. చూశాను. సూర్యకుమారి ఏమిటండీ ఆ చూడడం అంది.

క్లాసిక్ కాదని బ్రూస్ గారు అన్నది తప్పే. ఆ మాట మీద ఇవాళ్టికీ ఉన్నాను.